నా బేస్ నాకే వినపడనప్పుడు

మా బ్యాండ్‌లో నేను బేస్ గిటార్ వాయిస్తాను. "నాలుగు తీగలేగా, ఈజీ కదా మామా" అనేవాళ్ళు చాలామంది. ప్రోగ్రామ్ అయ్యాక "నువ్వు వాయించింది ఒక్క ముక్క వినపడలేదు రా" అనేదీ వాళ్ళే.

మొన్న ఫెస్ట్‌లో ఆ మాట పడకూడదని ఆంప్ వాల్యూమ్ బాగా తిప్పేశాను. నేను పెంచానని లీడ్ గిటార్ వాడు పెంచాడు. మా ఇద్దరి మీదా డ్రమ్మర్ ఇంకా గట్టిగా బాదాడు. రెండున్నర గంటల తర్వాత రూమ్‌కొచ్చి పడుకుంటే ఎడమ చెవిలో 'కీ...' మని ఒకటే మోత. రూమ్మేట్ దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు ఉంది. ఇంత చేసినా మర్నాడు విన్న మాట మాత్రం అదే: "బేస్ వినపడలేదు రా."

ఎందుకు వినపడదు? బేస్‌లో అన్నిటికంటే లావు తీగ, అంటే 'ఇ' తీగ, సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. మన చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుందని ఇంటర్‌లోనే చదువుకున్నాం. కానీ అన్నిటినీ ఒకేలా వినదు. 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య చాలా చురుగ్గా ఉంటుంది, అడుగున బాగా మందగిస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ ఈ తేడాని కొలిచి 1933లోనే గ్రాఫ్ గీశారు.

పోనీ పవర్ పెంచుదామా? 100 వాట్ల ఆంప్‌ని 200 వాట్లు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి, అంటే 1000 వాట్లు! డబ్బులతో గెలిచే ఆట కాదిది.

దీనికి జవాబు మీ ఫోన్‌లోనే ఉంది. ఫోన్ స్పీకర్ 41 హెర్ట్జ్‌ని పలికించలేదు. అయినా పాటలో బేస్ లైన్ పోల్చుకుంటాం. ఎందుకంటే ఆ తీగతో పాటు 82, 123, 164 హెర్ట్జ్... ఇలా హార్మోనిక్స్ కూడా పలుకుతాయి. వాటిని బట్టి అడుగున ఉన్న స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. అంటే బ్యాండ్‌లో బేస్‌ని వినిపించేది ఎక్కువగా ఆ పైస్వరాలే.

నేను చేసిన తప్పు అక్కడే. రూమ్‌లో ఒక్కడినే వాయించుకునేటప్పుడు బేస్ నాబ్ పెంచి, మిడ్ తగ్గిస్తే భలే ఉంటుంది. స్టేజి మీద అడుగు భాగాన్ని కిక్ డ్రమ్ ఆక్రమిస్తుంది, మిడ్ నేనే తీసేశాను, ఇక నాకు మిగిలిందేముంది? ఇప్పుడు బేస్ కాస్త తగ్గించి మిడ్ పెంచుతున్నాను. ఆంప్‌ని నేల మీద కాకుండా కుర్చీ మీద పెడుతున్నాను. నేల మీద ఉంటే పైస్వరాలన్నీ మోకాళ్ళకి తగులుతాయి, మోకాళ్ళకి చెవులుండవు కదా. ఈ రెండిటికీ పైసా ఖర్చు లేదు.

ఇక చెవుల సంగతి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కేశ కణాలు సుమారు 15 వేలు ఉంటాయి. పోయినవి మళ్ళీ మొలవవు. అమెరికాలోని నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, అలా 100కి వచ్చేసరికి 15 నిమిషాలు. రాక్ బ్యాండ్ స్టేజి మీద 100 దాటడం మామూలే. మేమున్నది రెండున్నర గంటలు.

మోత మూడో రోజుకి తగ్గింది. అప్పుడు గాని ఆడియోగ్రామ్ తీయించుకోలేదు. 4,000 హెర్ట్జ్ దగ్గర ఎడమ చెవి గ్రాఫ్ చిన్న గుంటలా దిగింది. పెద్ద శబ్దాల దెబ్బ ముందుగా కనిపించేది సాధారణంగా ఆ చుట్టుపక్కలేనట. నాకు ఎడమ పక్క ఉండేది డ్రమ్మర్ సింబల్స్. స, శ లాంటి అక్షరాలు స్పష్టంగా వినపడాలంటే కావలసిందీ ఆ పై భాగమే. అందుకే వినికిడి తగ్గుతున్నవాళ్ళు "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు. కొన్ని నెలలాగి మళ్ళీ పరీక్ష చేయించుకోమన్నారు. ఆ గుంట పూడకపోతే ఇక పూడదని కూడా చెప్పారు.

ఇప్పుడు ఇయర్ ప్లగ్స్ లేకుండా రిహార్సల్‌కి వెళ్ళను. మందుల షాపులో దొరికే ఫోమ్‌వి చవక. కాకపోతే పైస్వరాలని ఎక్కువగా కోసేస్తాయి, అంతా ముద్దగా వినిపిస్తుంది. సంగీతం వాయించేవాళ్ళ కోసం ఫిల్టర్ ఉన్నవి వస్తాయి. అవి అన్ని స్వరాలనీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. దూది మాత్రం పనికిరాదు. మొదటి వారం నీళ్ళలో మునిగి వాయిస్తున్నట్టు ఉంది, తర్వాత అలవాటైపోయింది.

స్పీకర్ ముందు నిలబడి డ్యాన్స్ చేసేవాళ్ళకీ ఇదే లెక్క. నాలుగడుగులు వెనక్కి జరగండి, మధ్యలో కాసేపు బయటికి రండి. మర్నాటికీ మోత తగ్గకపోయినా, ఒక్కసారిగా వినికిడి పడిపోయినా నాలాగా మూడు రోజులు కూర్చోకుండా వెంటనే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

తీగ తెగితే ఇంకో సెట్ కొనుక్కుంటాను. ఆంప్ కాలిపోతే రిపేర్‌కిస్తాను. ఎడమ చెవికి స్పేర్ లేదు.