గురి సరే... చేతులు కడిగారా?

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ నాలుగు పతకాలు గెలిచింది. ఇలాంటి విజయాలు చూసి, పిల్లల్ని షూటింగ్‌లో చేర్పించాలని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటున్నారు. మంచి ఆటే. ఏకాగ్రత పెరుగుతుంది. కానీ ఒక్క విషయం మాత్రం ఎవరూ అడగరు. అదే సీసం.

ఈమధ్య వరంగల్‌లో మా ఓపీకి వచ్చిన ఒక తల్లి, ‘మా వాడు పెల్లెట్లు పెదాల మధ్య పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి లోడ్ చేస్తాడండీ’ అన్నారు నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు. కాగితంపై గుండ్రటి రంధ్రం స్పష్టంగా పడేందుకు వాడే చదును మూతి పెల్లెట్లు ఎక్కువగా సీసంతోనే చేస్తారు.

ఎలా చేరుతుంది?

పెల్లెట్లు పట్టుకున్న చేతులతో తింటే సీసం కడుపులోకి వెళ్తుంది. తూటాలు పేల్చే రేంజ్‌లో పొగ, ధూళి ద్వారా ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది. అమెరికాలో రివాల్వర్ షూటర్లు కొందరు పాత సీసం కరిగించి తూటాలు ఇంట్లోనే పోసుకుంటారు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పైన తేలే బూడిదరంగు తెట్టును తీసేటప్పుడు లేచే ధూళి చాలా ప్రమాదకరం. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. చేపల వలల గుండ్ల కోసం సీసం కరిగించినా ముప్పు ఇదే. ఆ పని వంటింట్లో అసలే వద్దు.

ఏం చేస్తుంది?

మింగిన సీసాన్ని చిన్నపిల్లల శరీరం పెద్దలకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. చదువులో వెనుకబాటు, చిరాకు, కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత రావచ్చు. చాలాసార్లు ఏ లక్షణమూ ఉండదు. ఎముకల్లో చేరితే ఏళ్ల తరబడి ఉంటుంది. ఇంత వరకూ పర్వాలేదు అనదగిన మోతాదంటూ లేదు.

ఏం చేయాలి?

• పెల్లెట్లు నోట్లో పెట్టుకోనివ్వద్దు. రేంజ్‌లో తినడం, తాగడం వద్దు.
• ప్రాక్టీస్ అయ్యాక చేతులు, ముఖం సబ్బుతో కడగాలి. శానిటైజర్‌తో సీసం పోదు.
• ఆ బట్టలు విడిగా ఉతకాలి. బూట్లు గుమ్మం బయటే వదలాలి.
• ఇంట్లో ప్రాక్టీస్ చేసే చోట పొడిగా ఊడ్చొద్దు, తడిగుడ్డతో తుడవాలి. చిన్నపిల్లల్ని, గర్భిణులను అటు రానివ్వద్దు.
• ఐరన్, కాల్షియం తక్కువైతే సీసం ఇంకా ఎక్కువగా ఒంటికి పడుతుంది. ఆకుకూరలు, పాలు, రాగులు పెట్టండి.

అనుమానం ఉంటే డాక్టర్‌ను అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకంటే ఎక్కువ ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. సీసాన్ని బయటకు పంపే మందులు అందరికీ అవసరం లేదు, సొంతంగా వాడకూడదు.

ఆట మాన్పించనక్కర్లేదు. ఈ రోజు ప్రాక్టీస్ నుంచి రాగానే, స్కోరు ఎంతని అడిగే ముందు చేతులు కడిగావా అని అడగండి.