పాత కారుకు గీతలు, సొట్టలు: క్లెయిమా, సొంత ఖర్చా?

బదిలీ మీద కోల్‌కతా వచ్చిన మన సిబ్బందిలో కొందరు తమ పాత కారును కూడా వెంట తెచ్చుకుంటారు. ఇక్కడి ఇరుకు వీధుల్లో, మినీ బస్సుల మధ్య నడిపే బండికి గీతలు పడటం మామూలే. అందం తగ్గితే సర్దుకోవచ్చు కానీ, తుప్పును వదిలేయకూడదు. వానాకాలంలో వీధుల్లో నిలిచే నీళ్లు, గాలిలోని తేమ కలిసి రంగు లేచిన రేకును త్వరగా తినేస్తాయి. పైగా ప్రైవేటు కారుకు 15 ఏళ్లు నిండాక, తనిఖీలో నెగ్గితేనే రిజిస్ట్రేషన్‌ను మరో 5 ఏళ్లకు పొడిగిస్తారు.

గీత లోతు ఎంత?

ముందుగా ఆ చోటు కడిగి గీత మీద నీళ్లు చల్లండి. తడిగా ఉన్నప్పుడు గీత కనిపించకపోతే దెబ్బ పై పూతకే తగిలిందని అర్థం. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో కొద్దిగా రబ్బింగ్ కాంపౌండ్ రుద్ది, తర్వాత పాలిష్ పెడితే చాలు. పాత అంబాసిడర్ వంటి కార్లకు పైన పారదర్శక పూత లేకపోవచ్చు. రుద్దేటప్పుడు గుడ్డకు కారు రంగు అంటితే ఆపేయండి.

గోరు గీతలో చిక్కుకుంటే దెబ్బ లోతైనదే. తుప్పు ఉంటే వాటర్ పేపర్‌తో పూర్తిగా తీసి, ఆరబెట్టి, ప్రైమర్ వేయాలి. ఆ తర్వాతే రంగు. ఒకేసారి మందంగా కాక, ఆరనిస్తూ రెండు మూడు పలుచని పూతలు వేయాలి. రంగు కోడ్ సాధారణంగా డోరు పక్క స్తంభం మీదో, బానెట్ కిందో ఉంటుంది. అయితే ఎండకు వెలిసిన బండికి కోడ్ ఒక్కటే చాలదు. పెట్రోలు ట్యాంకు మూత తీసి తీసుకెళ్లి, దాన్ని చూపించి రంగు కలిపించుకోండి.

సొట్టల సంగతి

ప్లాస్టిక్ బంపర్ సొట్టపోతే వేడినీళ్లు పోసి, చేతికి తొడుగు వేసుకుని లోపలి నుంచి నెట్టి చూడండి. రేకు సొట్టపై రంగు పగలకపోతే, పెయింట్ వేయకుండానే సరిచేసే పనివాళ్లు ఉంటారు. రంగు పగిలితే టింకరింగ్ తప్పదు. రేకును వీలైనంత సరిచేసి, మిగిలిన కొద్ది పల్లానికే పుట్టీ పెట్టమని అడగండి. పుట్టీ తేమను పీల్చుకుంటుంది కాబట్టి రంగు వేయకుండా బండిని వానలో తిప్పకూడదు. మందంగా పుట్టీ పూసిన చోట అయస్కాంతం పట్టదు. బండి తీసుకునేటప్పుడు ఈ పరీక్ష చేయండి. వెంటనే చేయక్కర్లేని పెయింట్ పనిని దసరా పూజలు ముగిశాక, నవంబరు–ఫిబ్రవరి మధ్య పొడి వాతావరణంలో పెట్టుకుంటే మేలు.

ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అలాంటి బండ్ల విడిభాగాల కోసం ఇక్కడివారు మల్లిక్ బజార్‌కు వెళ్తారు.

లెక్క చూసుకోండి

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మన బండి మరమ్మతుకు పైసా రాదు. సమగ్ర పాలసీ ఉన్నా ఆలోచించాలి. క్లెయిమ్ లేకుండా 5 ఏళ్లు గడిస్తే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నాకు పడుతుంది. ఆపై 20, 25, 35, 45 శాతాలు దాటాకే మళ్లీ 50కి చేరుతుంది. ఈలోగా పోయే రాయితీ మొత్తం 125 శాతం. ఏటా ఆ ప్రీమియం రూ.4,000 అనుకుంటే నష్టం రూ.5,000. దీనికి 1500 సీసీ వరకు కార్లపై మనం తప్పనిసరిగా భరించాల్సిన రూ.1,000 కలపండి. 10 ఏళ్లు దాటిన బండికి లోహపు భాగాలు మార్చితే సగం ధర తరుగుదల కింద కోస్తారు. అంటే ఈ ఉదాహరణలో బిల్లు రూ.6,000 లోపైతే సొంతంగా చెల్లించడమే లాభం.

గ్యారేజీ నుంచి రాతపూర్వక అంచనా తీసుకుని, మీ పాలసీలోని అంకెలతో ఈ లెక్క వేసుకున్నాకే క్లెయిమ్ ఫారం నింపండి.