మదురై వీధుల్లో కాలినడక

మదురైకి తొలిసారి వెళ్ళినప్పుడు మేల మాసి వీధిలోని బస కోసం కీళ మాసి వీధిలో చీకటిపడేదాకా తిరిగాను. వీధుల పేర్లలో మేల అంటే పడమర, కీళ అంటే తూర్పు అని అప్పుడు తెలియదు.

ఆ పాత ఊరికి నడుమ మీనాక్షి అమ్మవారి కోవెల. దాని చుట్టూ చదరంగా చిత్తిరై వీధులు, తరువాత ఆవణి మూల వీధులు, ఆపైన మాసి వీధులు, అన్నిటికీ వెలుపల వెలి వీధులు. చిత్తిరై, ఆవణి, మాసి తమిళ నెలల పేర్లు. పేరుకు ముందు దిక్కు చేర్చి చెబుతారు. కనుక కీళ మాసి వీధిలో నిలబడితే కోవెల మీకు పడమరన ఉన్నట్టే. గోపురాలలోకెల్లా ఎత్తైనది దక్షిణ గోపురం. కోవెలకు ఆగ్నేయంగా నడిస్తే, తెలుగువాడైన తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు కనిపిస్తుంది.

కొత్త ఊళ్ళో నడక మొదలుపెట్టేముందు అక్కడివారి దిక్కుల పేర్లు అడిగి తెలుసుకోండి.