అక్షరాలు లేని ప్రకటనలు

ఒక విశ్వవిద్యాలయం పరీక్ష ఫీజు గడువు పెంచిందనుకుందాం. ఆఫీసులో ఉత్తర్వు టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టించి, ముద్ర వేస్తారు. ఆ కాగితాన్నే స్కాన్ చేసి పీడీఎఫ్‌గా వెబ్‌సైట్‌లో పెడతారు. దాంతో పని అయిపోయినట్టే లెక్క.

ఆ పీడీఎఫ్‌లో ఉన్నది కాగితం ఫొటో. అందులో అక్షరాలు లేవు. తెర మీది రాతను పైకి చదివే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. చూపులేని విద్యార్థి దానితో ఆ ఫైలు తెరిస్తే ఏమీ వినపడదు. చూపు ఉన్నవాళ్లకూ తిప్పలే. చిన్న ఫోన్‌లో ఒక్కో వరుసనూ పక్కకు జరుపుకుంటూ చదవాలి. ‘గడువు’ అన్న మాట కోసం ఫైల్లో వెతికితే దొరకదు.

తెలుగుకు మరో చిక్కు ఉంది. మన డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి వాడుతున్న అను ఫాంట్లలో తెరమీద కనపడేది తెలుగే అయినా, కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల సంకేతాలను. ఆ పాఠాన్ని కాపీ చేసి వేరేచోట అతికిస్తే అర్థంలేని అక్షరాల గుంపు వస్తుంది. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు చేరేదీ అదే. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. ఈ రోజుకీ ఒక సంస్థ తన ప్రకటనను పాత ఫాంట్‌లో విడుదల చేయడానికి నాకు ఒక్క సరైన కారణమూ కనిపించదు.

‘మరి సంతకం?’ అని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఉత్తర్వు పూర్తి పాఠాన్ని యూనికోడ్‌లో పేజీ మీదే ఇచ్చి, సంతకం ఉన్న ప్రతిని దాని కింద జతచేస్తే సరిపోతుంది. టైపు చేసిన ఫైలు ఆఫీసులో ఎలాగూ ఉంటుంది కదా!

ఇది దయతో చేసే పని కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు అంతకుముందే, 2009లో వచ్చాయి. అందుబాటు ప్రమాణాలను కేవలం సిఫార్సులుగా వదిలేయడం చట్టానికి విరుద్ధమనీ, తప్పనిసరి నిబంధనలు తేవాలనీ 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్‌లో మరో తీర్పు ఇచ్చింది.

పేజీని సరిగా సర్దడం కూడా ఈ అందుబాటులో భాగమే. చూపులేనివాళ్లు చాలామంది పేజీని మొదటినుంచీ వినరు. ఒక మీట నొక్కి శీర్షిక నుంచి శీర్షికకు దూకుతారు. శీర్షికను శీర్షికగా గుర్తించకుండా అక్షరాలు లావు చేసి వదిలేస్తే ఆ దారి మూసుకుపోతుంది. లింకులను మాత్రమే వరసగా వినేవాళ్లకు పదిసార్లు ‘ఇక్కడ క్లిక్ చేయండి’ అని వినిపిస్తే ఏది హాస్టల్ దరఖాస్తో, ఏది ఫలితాలో ఎలా తెలుస్తుంది? లింకు మీద ‘హాస్టల్ దరఖాస్తు’ అనే రాయాలి. ఫొటోకు ఒక వాక్యం వివరణ, లేత బూడిదరంగు రాతకు బదులు ముదురు రంగు లాంటివి నిమిషాల పని.

అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది పాత సమాచారం. నిరుటి ఫీజుల పట్టిక కొత్తదాని పక్కనే ఉంటే ఎవరైనా పొరబడతారు. పాతవాటిని తేదీతో విడి విభాగంలోకి మార్చాలి. ఫీజుల పేజీ చిరునామా మాత్రం ఏటా మారకూడదు. విద్యార్థులు దాచుకున్న లింకు పనిచేయాలి. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ కూడా ప్రభుత్వ సంస్థలు తామే వెల్లడించాల్సిన వివరాలను ఏటా తాజా చేయమంటుంది.

ఈ బాధ్యత వెబ్‌సైట్ కట్టిన కాంట్రాక్టరుది కాదు, సమాచారం పుట్టిన సెక్షన్‌ది. ఫీజుల పేజీ పరీక్షల విభాగం చూడాలి, హాస్టల్ పేజీ వార్డెన్ ఆఫీసు చూడాలి. ప్రతి పేజీ అడుగున చివరిసారి సవరించిన తేదీ, బాధ్యత వహించే సెక్షన్ పేరు, తప్పు చెప్పడానికి ఒక ఫోన్ నంబరు ఉండాలి. ఆ ఫోన్ ఎత్తే మనిషీ ఉండాలి.