సిలికా తలంపై నాట్లు

మిర్యాలగూడ ప్రాంతంలోని బాయిల్డ్ రైస్ మిల్లులు బాయిలర్లలో మండించే వరి ఊక, కాలిపోయాక తన బరువులో సుమారు ఐదోవంతు బూడిదను మిగులుస్తుంది; ఆ బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికాయే, అంటే సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదానికొకటి అల్లుకొని ఏర్పడిన పదార్థమే. నాగార్జున సాగర్ ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, కోదాడ మాగాణుల్లో పండే వరి, నేలలో కరిగిన సిలిసిక్ ఆమ్లాన్ని వేళ్లతో పీల్చి గింజ పైపొట్టులో కూడబెట్టుకోవడం వల్ల ఇంత సిలికా అక్కడ చేరుతుంది. ఊకను సుమారు 700 డిగ్రీల సెల్సియస్ దాటకుండా కాలిస్తే ఈ సిలికా స్ఫటికంగా మారదు కనుక కాస్టిక్ సోడాలో సులువుగా కరుగుతుంది; ఆ ద్రావణానికి ఆమ్లం కలిపినప్పుడు పేరుకొనే జెల్‌ను కడిగి ఆరబెడితే, ఒక్క గ్రాములోనే వందల చదరపు మీటర్ల లోపలి తలం గల సిలికా జెల్ దక్కుతుంది.

అయితే రసాయనాలను వేరుచేసే పనిలో సిలికా విలువ దాని విస్తీర్ణంతోనే తేలదు. ఆ తలమంతటా సిలనాల్ సమూహాలు, అనగా సిలికాన్‌ను అంటుకొని ఉన్న ఆక్సిజన్–హైడ్రోజన్ (హైడ్రాక్సిల్) జంటలు, నిండి ఉంటాయి; ఇవి నీటిని గట్టిగా పట్టుకుంటాయి. బ్రిటన్‌లో ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ 1941లో ఈ గుణాన్నే వాడుకొని, తడి సిలికా జెల్‌ను గాజు గొట్టంలో నింపి దాని మీదుగా క్లోరోఫాంను ప్రవహింపజేసి, అసిటైల్ సమూహం చేర్చిన అమైనో ఆమ్లాలను విడదీశారు. ఈ పద్ధతికి 1952లో నోబెల్ బహుమతి లభించింది. ఇందులో అసలు విభజన సిలికా పట్టి ఉంచిన నీటికీ, పారే క్లోరోఫాంకూ మధ్య జరిగేది. ఇలాంటి ద్రవపు పొర సిలికా గింజకు కేవలం ఆని ఉన్నంత కాలం ప్రవాహంతో కొట్టుకుపోయే ప్రమాదం తప్పదు గనుక, దానిని రసాయన బంధంతో గింజకే కట్టివేయడం ఎలా అన్న ప్రశ్న తరువాతి తరానికి మిగిలింది.

దీనికి రెండు సమాధానాలు దాదాపు ఒకే కాలంలో పోటీపడ్డాయి. హంగరీలో పుట్టిన ఇస్త్వాన్ హలాస్ తన సహచరుడు సెబెస్టియన్‌తో కలిసి 1969లో సిలనాల్‌లకు ఆల్కహాల్‌లను అతికించారు. కానీ అక్కడ ఏర్పడే సిలికాన్–ఆక్సిజన్–కార్బన్ బంధాన్ని నీరు తేలికగా తెంచివేస్తుంది. అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో జె.జె. కిర్క్‌లాండ్ వంటివారు సిలేన్‌ల వైపు మొగ్గారు: వీటిలో సిలికాన్ పరమాణువు ఒక చేతితో కార్బన్ గొలుసునూ, మరొక చేతితో క్లోరిన్‌నూ పట్టుకొని ఉంటుంది, సిలనాల్‌ను తాకగానే క్లోరిన్, అక్కడి హైడ్రోజన్‌తో కలిసి హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా తొలగిపోగా, నీటికి లొంగని సిలికాన్–ఆక్సిజన్–సిలికాన్ వంతెన నిలుస్తుంది. గెలుపు ఈ వంతెనదే.

పద్దెనిమిది కార్బన్ల గొలుసులను ఇలా నాటిన సిలికా, ఊడ్చిన వరిమడి వలె, అడుగున నేల ఒకటైనా పైన వేరే స్వభావం చూపుతుంది: నీటిని ఇష్టపడిన తలం నూనె వంటిదవుతుంది. నీరు, అసిటోనైట్రైల్ మిశ్రమాన్ని దాని మీదుగా పంపితే, నూనె గుణం ఎక్కువున్న అణువు గొలుసుల మధ్య ఎక్కువసేపు ఆగి, తక్కువున్నది ముందుగా బయటపడుతుంది. ఇక్కడే మరో చిక్కు పొంచి ఉంది. చదరపు మీటరుకు దాదాపు 8 మైక్రోమోల్‌ల సిలనాల్‌లు ఉండగా, లావైన గొలుసులు ఒకదానికొకటి అడ్డుపడడం వల్ల వాటిలో సగానికైనా బంధం కుదరదు. మిగిలిన సిలనాల్‌లు క్షారగుణం గల మందుల అణువులను పట్టి నిలపడంతో, ఫలితపు గ్రాఫులో పదునుగా రావలసిన శిఖరం తోక సాగినట్టు వస్తుంది. ఆ సందుల్లోకి దూరగల చిన్న సిలేన్‌ను రెండోసారి పంపి వీలైనన్ని సిలనాల్‌లను మూసివేయడం ఎంతో తెలివైన ఉపాయం. ఇది లేకుంటే హైదరాబాద్ ఔషధ ప్రయోగశాలల్లో నిత్యం జరిగే మాలిన్యాల లెక్కింపు ఇంత నమ్మకంగా సాగేది కాదు. తరువాతి దశాబ్దాల్లో క్రమమైన రంధ్రాల సిలికాలు, సిలికాకు కార్బన్‌ను కలిపిన సంకర గింజలు, గట్టి గుండె చుట్టూ పలుచని పొర గల గింజలు వరుసగా వచ్చాయి.

పాత నల్లగొండ జిల్లాలో, తలాన్ని మార్చి గింజ స్వభావాన్ని మార్చే ఇదే సూత్రం బోరు నీటిలోని ఫ్లోరైడ్ సమస్యను తాకుతుంది. తటస్థమైన నీటిలో సిలికా తలం రుణావేశంతో ఉంటుంది కాబట్టి, తానూ రుణావేశమే గల ఫ్లోరైడ్‌ను దగ్గరకు రానివ్వదు. ఊక బూడిద మీద అల్యూమినియం హైడ్రాక్సైడ్ పూత పూస్తే తలం ధనావేశం పొంది, తన హైడ్రాక్సిల్‌ను వదిలి ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నం కలిపినప్పుడు నీటిలో ముద్దలుగా ఏర్పడి అడుగున చేరేదీ ఈ హైడ్రాక్సైడే. బూడిద గింజపై పూతగా నిలిపితే బురద పేరుకోవడం తగ్గుతుంది. కానీ ఫ్లోరైడ్ హెచ్చుగా ఉన్న బోరు నీటిలో సాధారణంగా కాల్షియం తక్కువ, బైకార్బనేట్ ఎక్కువ. క్షారగుణం పెరిగేకొద్దీ పూత మీది ధనావేశం సన్నగిల్లుతుంది, బైకార్బనేట్ కూడా అవే స్థానాలకు పోటీపడుతుంది. అందువల్ల శుద్ధజలంతో చేసిన పరీక్షలో పూత పట్టగలిగినంత ఫ్లోరైడ్‌ను ఊరి బోరు నీటిలో పట్టలేదు. అసలు నీటితో పరీక్షించాకే గింజల పరిమాణాన్నీ, వాటిని కడిగి మళ్లీ వాడే వ్యవధినీ నిర్ణయించవలసి ఉంటుంది.