చెవిమీది వెంట్రుకలు

ఆర్మూరు ప్రాంతంలో రైతు పసుపు కొమ్మును నాటితే తల్లి మొక్కను పోలిన మొక్కే వస్తుంది. మనుషుల సంగతి అలా కాదు. బిడ్డకు తండ్రినుంచి 23, తల్లినుంచి 23 క్రోమోసోములు వస్తాయి. ఏ పోలిక ఎవరినుంచి వచ్చిందో తేల్చటం కష్టం.

ఈ చిక్కు విప్పటానికి ఎన్నో ఏళ్ళు పాటుపడినవారిలో ఆచార్య జె. బి. ఎస్. హాల్డేన్ ఒకరు. ఆయన 1957లో లండను విడిచి మన దేశం వచ్చి, కలకత్తాలోని గణాంకశాస్త్ర సంస్థలో చేరాడు. పరిశోధనకు ఖరీదైన యంత్రాలే అక్కర్లేదనీ, జాగ్రత్తగా చూసి, చూసినది లెక్కపెట్టటం ముఖ్యమనీ శిష్యులకు చెప్పేవాడు.

ద్రోణంరాజు కృష్ణారావు అనే తెలుగు యువకుడు ఆయన శిష్యుడు. ఏ సీతాకోకచిలుక ఏ రంగు పువ్వుమీద వాలుతుందో అతను లెక్కపెట్టాడు. తరవాత మనుషులను గమనించాడు. కొందరు మగవారికి చెవులమీద వెంట్రుకలు దట్టంగా మొలుస్తాయి. అతను ఆంధ్రదేశపు కుటుంబాల వంశవృక్షాలు పరిశీలించి, ఈ లక్షణం తండ్రినుంచి కొడుకుకు మాత్రమే అందే వై క్రోమోసోము ద్వారా వస్తుందని 1960లో రాశాడు.

హాల్డేన్ 1964లో మరణించాడు. నలభై ఏళ్ళ తరవాత, 2004లో, దక్షిణ భారతదేశపు మగవారి డి.ఎన్.ఏ.ను పరీక్షించినవారు ఆ లక్షణానికి వై క్రోమోసోము కారణం కాదని తేల్చారు. సమాధానం మారింది, కాని ప్రశ్న వేసినవాడి శ్రమ వృథా కాలేదు.

మీరూ పెరటి పసుపు మొక్కకు నెలనెలా ఎన్ని ఆకులున్నాయో లెక్కపెట్టి పుస్తకంలో రాసి చూడండి!