కృష్ణా డెల్టాలో బావురుపిల్లి: ట్రాప్ కెమెరా సాక్ష్యం - పరిశీలన

1. ఉపోద్ఘాతం:
విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీని దాటిన కృష్ణానది పులిగడ్డ దగ్గర చీలి, దివిసీమకు ఇరువైపులా ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. ఆ సాగరతీరపు మడ అడవులు 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటితమయ్యాయి. బావురుపిల్లి ఇక్కడి విశిష్ట జీవి. దీనినే నీటిపిల్లి అని కూడా అంటారు. ప్రధానంగా చేపలను తింటూ, ఎక్కువగా రాత్రివేళ సంచరించే ఈ జంతువు కంటబడడం అరుదు. అందువల్ల దీని ఉనికిని తెలుసుకోవడానికి పరిశోధకులు ట్రాప్ కెమెరాలను ఆశ్రయించారు. ఆ కెమెరా ఇచ్చే సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నేపథ్యం:
1920లలో ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ శివాలిక్ అడవుల్లో జంతువుల బాటకు అడ్డంగా తీగ కట్టి, అది తగలగానే కెమెరా పనిచేసే ఏర్పాటుతో పులుల చిత్రాలు తీశారు. 1990లలో కె. ఉల్లాస్ కారంత్ నాగరహోళెలో ఇటువంటి చిత్రాల ఆధారంగా పులుల సంఖ్యను అంచనా వేశారు. ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండకపోవడమే ఆ పద్ధతికి మూలం. బావురుపిల్లి మచ్చలకూ, చుక్కల దుప్పి మచ్చలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

3. పనిచేసే తీరు:
నేటి కెమెరాలోని సెన్సర్ పరిసరాలకూ, కదిలే దేహానికీ మధ్య ఉన్న ఉష్ణభేదాన్ని గుర్తిస్తుంది. వేసవి మధ్యాహ్నం ఆ భేదం తగ్గినప్పుడు జంతువు ఎదుట నడిచినా చిత్రం నమోదు కాకపోవచ్చు. ఎండకు వేడెక్కిన ఆకులు గాలికి కదిలితే, జంతువు లేకుండానే చిత్రాలు పోగుపడవచ్చు. మడ అడవిలో పోటు నీరు మరో సమస్య. కెమెరాను తక్కువ ఎత్తులో కడితే మునుగుతుంది, ఎక్కువ ఎత్తులో కడితే పిల్లి దాని దృష్టికి అందదు.

4. చిత్రం, అర్థం:
కాబట్టి చిత్రం ఉంటే జంతువు అక్కడికి వచ్చినట్లే. చిత్రం లేకపోతే రానట్లు కాదు. ఒకే చోట పలుమార్లు పరిశీలించి, జంతువు ఉండే సంభావ్యతనూ, ఉన్నప్పుడు కెమెరాకు చిక్కే సంభావ్యతనూ వేరుచేసి లెక్కించాలి. బావురుపిల్లి అభయారణ్యం సరిహద్దుకు కట్టుబడే జీవి కాదు. జమ్ము పెరిగిన కాలువలూ, చేపల చెరువులూ దానికి అనువైనవే. కెమెరాలు అభయారణ్యంలోనే ఉంటే ఈ ప్రాంతమంతా లెక్కలో శూన్యంగా మిగులుతుంది.
చెరువు గట్టుపై చేపలు పోయినప్పుడు వచ్చినది నీటికుక్కా, నక్కా, బావురుపిల్లా అనేది చీకటిలో తేలదు. చిత్రం ఆ సందేహాన్ని తీర్చగలదు. అయితే గట్టుపై పిల్లి నడిచిన చిత్రం చేపల నష్టానికి రుజువు కాదు.

5. ముగింపు:
వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉన్న ఈ జీవికి అభయారణ్యం వెలుపల కూడా రక్షణ ఉంది. ఖాళీ చిత్రాలను ‘జంతువు లేదు’ అని చదివితే, చట్టం ఇచ్చిన ఆ రక్షణ ఆచరణలో అందకుండా పోతుంది. గట్టుపై తీసిన ఒక్క చిత్రాన్ని నేరంగా చదివితే ఆ జీవికే ముప్పు. కనుక చిత్రాలతో పాటు కెమెరా ఎక్కడ, ఎన్ని రాత్రులు, ఏ ఎత్తులో ఉందో నమోదు చేసినప్పుడే అవి పరిశోధనకు ఆధారమవుతాయి.